పేరు రాయని సరుగుడు మొక్క

ఏమండీ,

ఏ ఊరికి వేయాలో తెలియకుండానే ఈ ఉత్తరం రాస్తున్నాను. ఉప్పెనకు కొట్టుకుపోయిన మన సరుగుడు తోటలో ఈ రోజు మళ్ళీ మొక్కలు నాటాం. బాపట్ల నుంచి కాలేజీ పిల్లలు వచ్చి గుంతలు తీశారు. మేము బిందెలతో నీళ్ళు మోశాం. ఇసుక ఇంకా ఉప్పగానే ఉంది, బతుకుతాయో లేదో.

నా మొక్కకు నీళ్ళు పోశాక ఒక పిల్ల వెదురు బద్ద పట్టుకుని వచ్చింది. "పోయినవాళ్ళ పేరు రాసి గుచ్చుతున్నామండి. మీవాళ్ళెవరు?"

నేను ఖాళీ బిందె ఎత్తుకుని పక్కకు తిరిగాను.

"మొగుడి పేరు నోటితో చెప్పదమ్మా ఆవిడ" అంది పక్కింటి సుబ్బులు. "నేను చెప్తా, రాసుకో."

"నువ్వూ చెప్పొద్దు సుబ్బులూ."

"ఇంకా సిగ్గేంటి వదినా!"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

సిగ్గు కాదండీ. ఉప్పెన రోజు గేదెను విప్పి తెస్తానని తోటకు వెళ్ళిన మిమ్మల్ని మళ్ళీ ఎవరూ చూడలేదు. ఈ పొద్దున కూడా దీపం పెట్టి మీ ఆయుష్షు కోసం దణ్ణం పెట్టుకున్నదాన్ని, మధ్యాహ్నానికి పోయినవాళ్ళలో మీ పేరెలా రాయించను?

ఆ పిల్ల కాసేపు నా బొట్టు వైపు చూసి, ఉత్త బద్దే గుచ్చి వెళ్ళింది.