బొంతలో దొరికిన బూడిదరంగు చిమ్మట

విన్నీ అక్కకు,

లోర్నా రాసేది. ఇక్కడ అందరం బాగానే ఉన్నాం, నాకు ఒళ్లు మండిపోతోందన్న మాటొక్కటి తప్ప. మోకాలి నొప్పి ఎలా ఉందని అడిగావు. మెట్లెక్కితే సలుపుతోంది, దిగితే ఊరుకుంటోంది. బీన్స్ విరగకాశాయి, చలికాలానికని ఉడికించి ఇరవై సీసాలకెత్తాను. బొంతకు బహుమతి వస్తుందా అని కూడా అడిగావు. చెప్తాను, కూర్చుని చదువు.

అమ్మ గౌన్లు కత్తిరించి రెండు చలికాలాలు కుట్టావు. అమ్మ పుట్టిన ఊరి సంతలోనే పోటీకి పెట్టాలని నాకు పంపావు. మంగళవారం చర్చి హాల్లో పోటీ నడిపే బొంతల సంఘం వాళ్ల ముందు విప్పానో లేదో, మడతలోంచి బూడిదరంగు చిమ్మట ఒకటి లేచి కిటికీ మీద వాలింది. సంఘం పెద్ద థెల్మా ప్రౌటీ కుర్చీలోంచి ఎగిరిపడింది.

"చిమ్మటలు! తియ్ తల్లీ, తియ్! మా బొంతలు కూడా కొరికేస్తాయి."

"ఒక్క పురుగేగా థెల్మా?"

"ఒకటి కనబడితే వంద ఉన్నట్టే. మీ అక్క ఇల్లు శుభ్రంగా ఉంటే ఇవెందుకొస్తాయమ్మా?"

నీ ఇల్లట! నీ వంటింటి నేల మీదే వడ్డించుకు తినొచ్చు. దాని నోటికి శుద్ధీ బుద్ధీ లేదు.

ఆ చిమ్మటను సీసాలో పట్టి, శనివారం మన సైన్సు మాస్టారు లెడూక్ గారి దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన భూతద్దంలో చూసి నవ్వారు.

"బట్టలు పాడుచేసే రకం బియ్యపు గింజంత ఉంటుందమ్మాయ్, పసుపురంగులో. వెలుగు చూస్తే దాక్కుంటుంది. ఇది గోరంత ఉంది. రెక్కల మీద వంకర గీతలు, అంచున నల్లచుక్కలు, ఈ పొడుగు ముక్కు చూడు. దీని పిల్లలు ఎండుటాకులు తిని బతుకుతాయి. గుడ్డ ముట్టవు."

"ఖాయమేనా మాస్టారూ?"

"వేసవిలో మా వసారా దీపానికి రోజూ వస్తాయి. ఇంతకన్నా మామూలు పురుగు ఈ ఊళ్లో లేదు."

హాలుకు పట్టుకెళ్లే ముందు నీ బొంతను రెండు రోజులు నా వసారాలోనే ఆరేశాను, దీపం కింద. అది నా ఇంటి పురుగు అక్కా.

ఆదివారం చర్చి మెట్ల మీదే మాస్టారి మాట చెప్పి థెల్మాను నిలదీశాను. తప్పయిందన్న మాట రాలేదు. "పోనీలే, పట్టుకురా. పోటీకి ఇంకా నాలుగు రోజులుందిగా" అంది, ఏదో దయ చేస్తున్నట్టు.

ఏం పట్టుకెళ్లను? మంగళవారం ఇంటికి రాగానే, గుడ్లుంటే చస్తాయని మరిగే నీళ్లలో వేసి ఉతికేశాను. అమ్మ ఎర్ర గౌను రంగు దిగి తెల్ల ముక్కలన్నిటికీ అంటుకుంది. లోపలి దూది ఉండలు కట్టింది. ఎన్నిసార్లు జాడించినా ఆ ఎరుపు పోలేదు.

మాస్టారి దగ్గరికి వెళ్లింది కూడా ఇంట్లో ఇంకా చిమ్మటలుంటే ఎలా చంపాలో అడగడానికే. థెల్మాను తిట్టి తిట్టి నోరు నొప్పి పుట్టింది. కానీ అది అన్నది ఒక్క మాటే. నిన్ను అడగనైనా అడగకుండా ఆ మాట నమ్మింది నేను.

ఇట్లు,
మొహం చెల్లని నీ చెల్లెలు
లోర్నా