రెండో మడతకు బాధ్యులు

ఇహలోకం విడిచినవారి రాకపోకలను పర్యవేక్షించే గౌరవనీయ అధికారుల సముఖానికి:

తమ కార్యాలయం ఎక్కడుందో, ఏ వేళల్లో తెరుస్తారో తెలియనందున ఈ వినతిని మా వంటగదిలో ఫ్రిజ్ మీద ఉంచుతున్నాను. విషయం పిండికి సంబంధించినది. నేను నిబంధనల విభాగంలో ఇరవై రెండేళ్లుగా ముసాయిదాలు రాస్తున్నాను. లేనిదాన్ని ఉన్నట్టు రాయడం వృత్తిరీత్యా తప్పకపోయినా, ఇంట్లో ఆ అలవాటు లేదు. నా భార్య మరణించి తొమ్మిది నెలలైంది. తమ రికార్డుల్లో ఉండే ఉంటుంది. ఆమె ఆత్మశాంతి కోరుతూ బంధుమిత్రులు పంపిన అర్జీలతో దీనిని కలపవద్దని మనవి. నాకూ ఆమె చెల్లెలికీ మధ్య నడిచిన ఉత్తరాలను సాక్ష్యంగా జతపరుస్తున్నాను. డిమాండు చివరి ఉత్తరంలో ఉంది.

*

ప్రియమైన కత్తెరకు,

మీ అక్క పెట్టిన పేరుతోనే పిలుస్తున్నాను. నువ్వు బట్టలు కుట్టడం మానేసిన రోజున మారుస్తాను. ఈ సంగతి ఫోనులో చెబితే నవ్వుతావు, కాగితం మీదైతే ఫైలులో ఉంటుంది.

ఈ ఇంట్లో ఉండలేక మూడుసార్లు అడిగిన బదిలీ ఎట్టకేలకు మంజూరైంది. చేరడానికి రెండు నెలల గడువు. వెళ్లేలోగా మీ అక్క ప్రతి శనివారం చేసే క్రోసాన్లు, అదే ఆ వెన్న పొరల రొట్టెలు, ఒక్కసారైనా సొంతంగా చేయాలని సంకల్పించాను. మొదటి ప్రయత్నంలో వెన్న కారి ఓవెన్ అడుగున చెరువు కట్టిన వైనం ఫోనులో విన్నావు. వచ్చే శనివారం మళ్లీ చేస్తానని కూడా చెప్పాను.

చేశాను. ఉదయం ఏడింటికి చల్లటి పిండిని పరిచి, నడుమ వెన్న పలక పెట్టి మూసి, కర్రతో పొడవుగా సాగదీసి, ఉత్తరం మడిచినట్టు మూడు పొరలుగా మడిచాను. ఇది ఒక మడత. ఇలాంటివి మూడు కావాలి, మధ్యలో పిండి ఫ్రిజ్‌లో సేదదీరాలి. మడతకొక గుర్తుగా పిండి మూలన వేలితో నొక్కాలన్నది మీ అక్క పెట్టిన నియమం. "మతిమరుపు మనిషికి పిండే రిజిస్టరు" అనేది. నేను ఒక గుర్తు నొక్కి ఆఫీసుకు వెళ్లాను. ఒంటిగంటకు వచ్చి ఫ్రిజ్ తెరిస్తే రెండు గుర్తులున్నాయి. పిండి రెండో మడత కూడా పడి ఉంది.

వీధి తలుపు తాళం వేసినది వేసినట్టే ఉంది. గుర్తులు మళ్లీ లెక్కపెట్టాను. రెండు వరకు లెక్కించడంలో నాకు తగినంత అనుభవం ఉంది.

నీ అభిప్రాయం తెలుపగలవు.

నీ బావ

*

ప్రియమైన బావకు,

"తెలుపగలవు" అంట! నేనేమైనా మీ జిల్లా శాఖనా? ముందు తిన్నారా లేదా, అది రాయలేదేం? అక్క ఏమనేది? "విరిస్తే చప్పుడు రావాలి, రాకపోతే అది బన్ను." చప్పుడొచ్చిందా?

మీరే రెండుసార్లు మడిచి మరిచిపోయి ఉంటారు. కళ్లజోడు నెత్తిమీద పెట్టుకుని ఇల్లంతా వెతికే మనిషి మీరు. అయినా దయ్యమే వస్తే పిండి మడిచి ఊరుకుంటుందా, సింకులో అంట్లు కూడా తోమి పోదూ?

ఇంకోటి. చిన్నప్పుడు డబ్బా మూత కోసుకుని అక్క చూపుడువేలి గోరు నిలువునా చీలింది, గుర్తుందిగా. ఆ వేలితో నొక్కితే గుర్తు మధ్యలో గీత పడుతుంది. మీ పిండిలో గీత ఉందా? ఉండదు. ఇక భయం మానండి. వచ్చే శనివారం కూడా చేయండి, మానకండి. సామాను కూడా సర్దుకోండి.

మీ కత్తెర

*

ప్రియమైన కత్తెరకు,

నెలరోజులుగా నీ నుంచి ఉత్తరం లేదు. ఈలోగా జరిగినది నివేదిస్తున్నాను.

వరుసగా ఐదు శనివారాలు. ఐదుసార్లూ నేను ఉదయం ఒక మడత పెట్టి వెళ్లాను, మధ్యాహ్నానికి రెండున్నాయి. మూడోది నేనే పెడుతున్నాను. నువ్వు ప్రస్తావించిన గీత విషయమై పరిశీలన కొనసాగుతోంది.

బదిలీ వద్దని ఆఫీసుకు రాశాను. కారణం అనే గడిలో "గృహమున ఉనికి కలదు" అని పూరించాను. ఒకటో తేదీకి చేరకుంటే ఉద్యోగం వదులుకున్నట్టే భావిస్తామని పై అధికారి జవాబిచ్చారు. భావించనివ్వు. శనివారం ఒంటిగంటకు నేను ఈ ఇంట్లో ఉండాలి.

చప్పుడు ఇంకా రాలేదు.

నీ బావ

*

ప్రియమైన బావకు,

ఈ ఉత్తరం చదివాక నన్ను తిట్టండి, చెవులు మూసుకోను. ఉద్యోగం మాత్రం వదలకండి.

ఆ రెండో మడత నాది.

ఆసుపత్రిలో అక్క నా చెయ్యి పట్టుకుని ఏమందో మీకు చెప్పలేదు. "మీ బావ ఏదైనా మొదటి మడత పెడతారే, తరువాత వదిలేస్తారు. రెండోది ఎవరైనా పెడితే మూడోది ఆయనే పెట్టుకుంటారు." అందుకే అక్కకు సేవ చేసిన రోజుల్లో మీరిచ్చిన తాళంచెవితో, తెల్లవారుజామున బస్సెక్కి మూడు గంటలు కూర్చుని దొంగలా వచ్చాను. మీ ఎదురుగా పెడితే కర్ర నా చేతికిచ్చి కుర్చీలో కూర్చుంటారు. మడతలు పెట్టడం దర్జీదానికి లెక్కా? గుర్తు నొక్కి పదకొండు గంటల బస్సు పట్టుకున్నాను.

కానీ రెండు శనివారాలే వచ్చాను బావా. రెండోసారి తిరిగివస్తూ బస్సు మెట్టు మీద జారాను. మడమ విరిగింది, అప్పట్నుంచీ కాలికి కట్టు. అందుకే రాయలేదు. ఏమని రాయను? తరువాతి మూడూ మీరే మడిచి మరిచిపోయారు. మిమ్మల్ని అలా చేసిన పాపం నాది. తాళంచెవి దీనితో పంపుతున్నాను. ఆ ఇంట్లో ఎవరూ లేరు. బయల్దేరండి.

తిట్టినా ఉత్తరం రాయండి.

మీ కత్తెర

*

ప్రియమైన కత్తెరకు,

తాళంచెవి అందింది. నీ నేరాంగీకారం మొదటి రెండు శనివారాలకు పూర్తిగా ఆమోదించబడింది. ఆ గుర్తులు వెడల్పుగా, నునుపుగా ఉన్నాయి. దర్జీ బొటనవేలని నాకు తోచి ఉండాల్సింది. తిట్టడం లేదు. మడమ జాగ్రత్త.

తరువాతి మూడింటిలో గీత ఉంది.

నీకు రాయలేదు. రాస్తే ఎవరైనా కారణం చెప్పి దాన్ని తీసేస్తారని భయపడ్డాను. నీవు చెప్పినట్టు మతిమరుపేమోనని మొన్న శనివారం సెలవు పెట్టాను. తాళంచెవులు రెండూ జేబులో ఉన్నాయి. ఏడింటికి ఒక మడత పెట్టి, ఒక గుర్తు నొక్కి, ఫ్రిజ్ ముందే కుర్చీ వేసుకుని ఒంటిగంట దాకా కూర్చున్నాను. నిద్రపోలేదు, పక్కింటి కుక్కర్ విజిళ్లు పదకొండని కాగితం మీద రాసుకున్నాను. ఎవరూ రాలేదు. ఫ్రిజ్ తలుపు తెరిచాను. రెండు గుర్తులు. రెండోదాని మధ్య నిలువుగా, వెంట్రుకంత గీత. పిండి మీద చెయ్యి పెట్టాను. చల్లగానే ఉంది, ఆ మూలన తప్ప.

నువ్వు రాలేకపోయిన వారం నుంచే మొదలైంది, చూశావా. పని ఆగనివ్వని మనిషి.

మూడో మడత పెట్టాను. త్రికోణాలు కోసి చుట్టి, పొంగనిచ్చి కాల్చాను. పద్నాలుగు వచ్చాయి. ఒకటి విరిచాను. చప్పుడు వచ్చింది. వంటగదిలో ఎవరో నవ్వాపుకున్నట్టు కూడా అనిపించింది గాని, దానికి సాక్షులు లేరు గనుక నమోదు చేయడం లేదు.

ఒకటో తేదీన కొత్త ఊళ్లో చేరుతున్నాను. రెండో మడత పడింది కదా, మూడోది వదిలేస్తే మీ అక్క చేత మాట పడాలి. అయితే అక్కడి ఇంటి చిరునామా ఆమెకు తెలియదు. కనుక ఉత్తరాలన్నీ జతచేసి పై అధికారులకు ఈ కింది విధంగా దాఖలు చేస్తున్నాను. సాక్షిగా నువ్వు సంతకం చేసి పంపు.

నీ బావ

డిమాండు సంఖ్య 1: ఉద్యోగ దంపతులను ఒకే ఊళ్లో ఉంచవలెనన్న నిబంధనను అనుసరించి, నా భార్యను నాతోపాటు బదిలీ చేయవలెను. ఆమె విధులు శనివారం మాత్రమే. కొత్త ఇంట్లో ఫ్రిజ్ వంటగదిలో కిటికీ పక్కన ఉంటుంది.