నాటకంలో లేని చెయ్యి

ఎలీషా బావగారికి,

వందనాలు. ఉత్తరం పైన ప్రభువు పేరు రాయలేదు. మీ ఆడియో నాటకంలో ఆయన్ని చాలానే వాడుకున్నారు కదా.

ఎనభై నాలుగు భాగాలూ మళ్ళీ మొదటినుంచి విన్నాను. మీ తమ్ముణ్ణి వదిలి వచ్చేసిన ఏడాది, అవనిగడ్డ ఇంటి ప్రార్థనలో నేను ఏడుస్తూ చెప్పుకున్న సాక్ష్యమే అది. మీరు కళ్ళు మూసుకుంటే నాకోసం ప్రార్థిస్తున్నారనుకున్నాను. కథ కట్టుకుంటున్నారని తెలియలేదు.

మీ జ్ఞాపకశక్తిని మెచ్చుకోవాలండీ. నేను వానలో ఎక్కిన బందరు బస్సు ఉంది. హడావుడిలో వేసుకొచ్చిన జత కలవని చెప్పులూ ఉన్నాయి. మీ తమ్ముడు రోకలిబండతో విరగ్గొట్టిన నా చెయ్యి మాత్రం ఏ భాగంలోనూ లేదు. దానికి బదులు నాకు నోటి దురుసు పెట్టారు. నాటకంలో నా బదులు పెట్టిన ఆ కోడలు ఇల్లెందుకు వదిలిందో ఒక్కసారీ చెప్పకుండా మూడేళ్ళు నడిపించి, చివరికి మొగుడి కాళ్ళ దగ్గర మోకరింపజేశారు. నేనెప్పుడు మోకరించానండీ?

మొన్న మా వీధికి చేపలమ్మే కోటమ్మ వచ్చింది. "ఫోన్లో ఆ కోడలి కథ విన్నానమ్మా. ఆవిడే మారింది, నువ్వూ మీ ఆయన దగ్గరికెళ్ళిపోరాదా?" అంది. అంత దూరం వెళ్ళింది మీ సువార్త.

వచ్చే ఆదివారం గుడివాడలో మీ అభినందన సభకి నన్ను సాక్ష్యం చెప్పమని పిలిచారు. తప్పకుండా వస్తాను. ఆనాటి ఎక్స్‌రే ఇంకా నా దగ్గరే ఉంది, తెస్తున్నాను. స్టేజీ మీద పెద్ద లైటు పెట్టించండి. వెనక వరసలో వాళ్ళకి కూడా ఎముక కనబడాలి.

మీ మరదలు