సూలియాకు ఇచ్చిన మంగళవారం

ప్రియమైన మాటెలితాకు,

దేవుడి దయవల్ల నేనూ, పిల్లలిద్దరూ, మా అమ్మా, నువ్వు మాకప్పగించి వెళ్ళిన పందులూ క్షేమం. అక్కడ ఆస్ట్రేలియాలో నువ్వూ, టమాటాల షెడ్డులో నీతో పనిచేసే మనవాళ్ళూ బాగున్నారని తలుస్తాను. ఈ ఉత్తరం పాస్టరుగారి చెల్లెలు తెచ్చి నీ చేతికిస్తుంది. ఫోనులో చెప్పబోయి ప్రతిసారీ మాట మార్చేస్తున్నాను. అందుకని కాగితం పట్టాను.

ముందు నువ్వడిగినవాటికి జవాబు. రక్తం పలచబరిచే మాత్ర రోజూ వేసుకుంటున్నాను. చేమాకు ఎక్కువ తినొద్దని నర్సు చెప్పింది కదా, కొబ్బరిపాలలో ఉడికించిన ఆకు గిన్నెను మా అమ్మ నా కంటబడకుండా దాస్తోంది. కుట్లు మానాయి. గుండెలో పెట్టిన కొత్త వాల్వు చప్పుడు బయటికే వినబడుతోంది. చిన్నది నా ఛాతీకి చెవి ఆనించి, "నాన్నా, గడియారం మింగావా?" అంటుంది.

"సరిగ్గా తినడం లేదని అత్తయ్య చెప్పింది, ఎందుకు?" అని రాశావు. అది ఒక్క మాటలో చెప్పేది కాదు.

ఆపరేషనుకు ముందు రోజు, బయటి దేశం నుంచి వచ్చిన డాక్టరు బొమ్మ గీసి చూపించాడు. రొమ్ము ఎముకను రంపంతో కోస్తామనీ, గుండెను కాసేపు ఆపుతామనీ చెప్పాడు. తల ఊపాను. ఇరవయ్యేళ్ళుగా రంపం పట్టిన వడ్రంగిని. ఎంత బాగా అతికించినా చెక్క మీద కోసిన గీత పోదని నాకు తెలుసు. ఇక ఆ రోజంతా నా చెవుల్లో రంపం ఆగలేదు.

పక్క మంచం మీద సూలియా ఉండేది. హాపై దీవుల నుంచి పడవలో వచ్చిన పిల్ల, పంతొమ్మిదేళ్ళది. చిన్నప్పుడొచ్చిన కీళ్ళజ్వరం నాకులాగే దాని గుండెనూ తినేసింది. నాకు మంగళవారం, దానికి శుక్రవారం రాసిపెట్టారు. వాళ్ళమ్మ లావినియా గురువారం పడవకు రావాలి. "మామా, నువ్వు ముందెళ్ళి చూసిరా. బాగుందంటేనే నేనెళ్తా," అని నవ్వేది.

మాటెలితా, దగ్గు వచ్చి నా ఆపరేషను వాయిదా పడిందని నీకు చెప్పాను. నాకు దగ్గు రాలేదు.

మంగళవారం పొద్దున కావాలని దగ్గాను. నిన్నటి నుంచి గొంతునొప్పి, చలి అని నర్సుతో అబద్ధమాడాను. ఎందుకైనా మంచిదని నన్ను శుక్రవారానికి మార్చి, నా చోటికి సూలియాను పిలిచారు.

దాని గుండె మళ్ళీ కొట్టుకోలేదు. ఏ రోజు చేసినా అంతే ప్రమాదమని డాక్టరు అన్నాడు. అది నమ్ముతాను. కానీ లావినియా పడవ దిగేసరికి కూతురు శవాల గదిలో ఉంది.

శుక్రవారం నన్ను కోశారు. మత్తు వదులుతుంటే నా కాళ్ళ దగ్గర సూలియా కూర్చుని ఉంది. జుట్టు తడిగా ఉంది. "మందుల వల్ల చాలామందికి అలా కనబడుతుంది," అని నర్సు ధైర్యం చెప్పింది. మందులు తగ్గినా సూలియా పోలేదు. పట్టపగలు నేను వాకిట్లో కూర్చుంటే కంచె అవతల నిలబడి ఉంటుంది.

దానికంటే లావినియాను చూడటం కష్టం. మన వీధి చివర వాళ్ళ అన్నగారింట్లో ఉంటోంది. కూతురి చావుకు కట్టిన సంతాపపు చాప నడుము నుంచి తియ్యకుండానే రోజూ మధ్యాహ్నం నాకు చేపా, పెండలమూ వండి తెచ్చేది. కూతురితో చివరగా మాట్లాడినవాణ్ని నేనేనట. "అదేమంది లిసియాటె? ఇంకోసారి చెప్పవూ," అనేది. నవ్వుతూ వెళ్ళిందనీ, పాట పాడిందనీ కల్పించి చెప్పేవాణ్ని. ఆ ముద్ద ఎలా దిగుతుంది?

మొన్న దగ్గు సంగతి చెప్పేశాను. ఆమె గిన్నె మీద మూత పెట్టి, లేచి వెళ్ళిపోయింది. నిన్న రాలేదు. "నీ బరువు దించుకోడానికి ఆ తల్లి నెత్తికెత్తావు కదరా!" అని మా అమ్మ తిట్టింది. నిజమేనేమో.

ఇవాళ లావినియా వచ్చింది, ఉత్త చేతులతో.

"నీ మీద కోపం తీరలేదు. తీరుతుందనీ అనుకోకు," అంది. "పాట పాడిందన్నావే, అదీ అబద్ధమేనా?"

"అబద్ధమే."

"అయితే జరిగింది చెప్పు. ఏదీ మింగకు."

చెప్పాను. చక్రాల మంచం ఎక్కిస్తుంటే సూలియా ఏడ్చింది. నా చెయ్యి పట్టుకుని, "మామా, అమ్మ పడవ వచ్చేదాకా ఆగమని వీళ్ళతో చెప్పవా?" అంది. నాకు దగ్గేమీ లేదని ఒక్క మాటంటే ఆగేవాళ్ళు. నేను చెయ్యి విడిపించుకుని, దుప్పటి కప్పుకుని, మళ్ళీ దగ్గాను.

లావినియా ఏడవలేదు. "'అమ్మ' అనే మాట అందా?" అని అడిగింది.

"అంది."

నడుము చాప సర్దుకుని లేచింది. "రేపొస్తా. మళ్ళీ ఇదే చెప్పాలి. ఒక్క ముక్క మార్చావో, ఊరుకోను."

మార్చనన్నాను.

ఇట్లు,
నీ పిల్లల తండ్రి,
లిసియాటె