నాయనమ్మ తూర్పు గది

ఏంజెల్ దీవి, శాన్‌ఫ్రాన్సిస్కో, 1923

అమ్మా, మొక్కి రాస్తున్నాను. ఒంట్లో బాగానే ఉంది, దిగులు పెట్టుకోకు.

మన చీనావాళ్లను రానివ్వకూడదని ఇక్కడ చట్టం. నాన్నలాంటి దుకాణదారుల కన్నకొడుకులకు మాత్రం దారి ఉంది. అందుకని నేను నిజంగా ఆయన కొడుకునేనా అని నన్నూ నాన్ననూ విడివిడిగా విచారించారు. ఊరి బావి, మన గుమ్మం, కోళ్లగూడు అన్నీ సరిపోయాయి. తర్వాత నాయనమ్మ ఎక్కడ పడుకుంటుందని అడిగారు. చనిపోయి మూడేళ్లయిందన్నాను. తూర్పు గదిలో అన్నాడట నాన్న. పరాయి దేశంలో ఒక్కడూ కుమిలిపోతాడని ఆమె పోయిన సంగతి మనమే కదా దాచాం. ఇద్దరి మాటా కలవలేదు గనుక నేను ఆయన కొడుకునే కానని తేల్చారు. వచ్చే ఓడలో తిప్పి పంపేస్తారు.

నిన్న కంచె అవతల నుంచి నాన్నను చూడనిచ్చారు. తిడతాడనుకున్నాను. "మా అమ్మ ఏ రోజు పోయిందిరా?" అన్నాడు. మళ్లీ, "మరి నిరుడు నేను పంపిన శాలువా ఎవరు కప్పుకుంటున్నారు?" అన్నాడు.

ఆడపంది ఈనిందా? నా మంచం ఎవరికైనా ఇచ్చేసి ఉంటే తిరిగి అడగకు, నేల మీద పడుకుంటాను. చెల్లికి నా దీవెనలు.

నాన్నకు ఆ తిథి రాసి పంపు. నాయనమ్మ పటం ముందు ఆయన పేరున ఒక అగరుబత్తి వెలిగించు. ఇన్నాళ్లూ ఆ ఒక్కటీ మానేశాం.

నీ కొడుకు,
మున్ వా