చేప పొట్ట మీద పులిపిరి

మేడమ్ గారికి,

మీ పరిశోధన వ్యాసం కోసం నిన్న కొరియర్‌లో పంపిన బొమ్మని దయచేసి అచ్చుకి ఇవ్వకండి. అది తప్పు బొమ్మ.

మీరు సీసాలో పెట్టి ఇచ్చిన ఆ లోతుసముద్రపు గాలం చేపకి పళ్లూ, నెత్తిమీద దీపమూ, తోకా అన్నీ సరిగ్గానే వేశాను. పొట్ట కింద బఠాణీ గింజంత పులిపిరి ఒకటుంది. దాన్ని మాత్రం వదిలేశాను. ముప్పై ఏళ్లు స్టూడియోలో పెళ్లి ఫొటోలకి టచింగ్ చేసిన చెయ్యండీ ఇది. మచ్చ కనిపిస్తే ఊరుకోదు.

పొద్దున మా ఆవిడ సీసా సర్దుతూ భూతద్దంలోంచి చూసి, "ఏవండీ, పులిపిరికి తోక ఉంటుందా?" అంది. మీరు చేపతోపాటిచ్చిన కాగితం అప్పుడు చదివాను. ముందే చదవాల్సింది, బద్ధకించాను. అది మగచేపట! ఆడదాన్ని కొరికి పట్టుకుని, దాని ఒంట్లోనే కలిసిపోతుందట. ఈ జాతిలో జంట దొరకడం ఇదే మొదటిసారని రాసి, కింద రెండు గీతలు కూడా గీశారు.

అప్పట్నుంచీ కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాను. మీకు నాలుగుసార్లు ఫోన్ చేశాను, ఎత్తలేదు. "ఇంక కూర్చోండి, నేల అరిగిపోతోంది" అని తిట్టి, తనే బస్సెక్కి వస్తానంది మా ఆవిడ. ఈ ఉత్తరం మీ చేతికిచ్చింది ఆవిడే. నేను కొత్త బొమ్మ మొదలుపెట్టాను. రేపు సాయంత్రం దాకా ప్రెస్సువాళ్లని ఎలాగైనా ఆపండి.

ఎన్ని వందల పెళ్లి ఫొటోలు దిద్దానో లెక్కలేదు మేడమ్. పెళ్లికొడుకునే తుడిచెయ్యడం మాత్రం ఇదే మొదటిసారి.