నూట పన్నెండో పేజీ మార్జిన్

మార్చి 3

వైవా ఇరవయ్యో తేదీన. గైడ్ గారు ఫోన్ చేసి చెప్పారు. నా థీసిస్ గోథిక్ నవలల్లోని దెయ్యాల మీద. మూడో చాప్టర్ అద్భుతంగా ఉందని అందరూ అంటున్నారట. 

మార్చి 5

పేజీ నంబర్లు సరిచూసుకుందామని లైబ్రరీకి వెళ్ళాను. నేను ఎక్కువగా వాడుకున్న పాడుబడ్డ కోట నవల, కాలేజీ మొత్తానికి ఒకటే కాపీ. నూట పన్నెండో పేజీ మార్జిన్‌లో ఎవరో పెన్సిల్‌తో రాశారు: దెయ్యం భయపెట్టడానికి రాదు. బతికుండగా తన మాట ఎవరూ వినలేదని వస్తుంది.

నా మూడో చాప్టర్ మొత్తం ఆ రెండు వాక్యాలే. ఐదేళ్ళ క్రితం నోట్సులోకి ఎక్కించుకున్నాను. నావే అనుకున్నాను. అనుకున్నానో, అనుకోవాలని అనుకున్నానో.

మార్చి 6

అక్కకు చెప్పాను. ఒక ఫుట్‌నోట్ పెట్టేస్తే పోయేదానికి ఇంత ఏడుపు దేనికే అంది. థీసిస్ ఎప్పుడో సబ్మిట్ చేసేశానన్నాను. దెయ్యాల పుస్తకాలు చదివి చదివి నా మొహం కూడా అలాగే తయారైందని, ముందు వెళ్ళి తల దువ్వుకోమంది.

మార్చి 9, మధ్యాహ్నం 2

చెరిపేశాను.

మార్చి 9, సాయంత్రం

రాస్తే తప్ప ఊపిరాడేలా లేదు. లైబ్రేరియన్‌ని మేమంతా 'ష్ గారు' అంటాం. ఆయన నోట ఇంకో మాట విన్నవాళ్ళు లేరు. ఆయన భోజనానికి లేచేదాకా ఆగాను. రబ్బరు పొడిని చేత్తో ఊడ్చి బ్యాగులో వేసుకున్నాను. ఆయన తిరిగొచ్చి, నా వైపు చూసి, ష్ అన్నారు. నేను మాట్లాడనే లేదు.

మార్చి 14

వైవాకి వచ్చే ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్, ఆవిడ ముప్పై ఏళ్ళ క్రితం మా కాలేజీలోనే చదివారట. దెయ్యాల మీదే రీసెర్చ్ మొదలుపెట్టి, మధ్యలో మానేసి వెళ్ళిపోయారట. వైవా అయ్యాక లైబ్రరీ చూడాలన్నారట. గైడ్ గారికి ఒకటే సంబరం. నాకు పై ప్రాణాలు పైనే పోయాయి.

మార్చి 17

మార్జిన్‌లో రాసింది ఆవిడ కాకపోవచ్చు. ఆ పుస్తకం ఎంతమంది చదివి ఉండరు.

మార్చి 20, సాయంత్రం 5

ఆవిడే.

గంటన్నర సేపు అడిగారు. రచయితల గురించి, కోటల గురించి, తుఫానుల గురించి. మూడో చాప్టర్ జోలికే రాలేదు. తరువాత ఇద్దరం లైబ్రరీకి వెళ్ళాం. ఆవిడ నేరుగా ఆ అర దగ్గరికే నడిచారు. నూట పన్నెండో పేజీ తెరిచి, కిటికీ వెలుగుకి ఏటవాలుగా పట్టుకున్నారు. పెన్సిల్ నొక్కిన గుంటలు అలాగే ఉన్నాయి. 

ఎవరు చెరిపారని అడిగారు. నేనేనన్నాను. ఆ దెయ్యం మాట అప్పట్లో మొదట తన గైడ్‌కి చెబితే ఆయన పకపకా నవ్వాడని, అందుకే ఇక్కడ రాసుకున్నానని చెప్పారు. ఆవిడ నా మీద అరిచి ఉంటే బాగుండేది. తన పెన్సిల్ నా చేతిలో పెట్టారు. రేపు పొద్దున్నే వస్తానని, వైవా రిపోర్టు మీద సంతకం అప్పుడు చూద్దామని అన్నారు.

మార్చి 21

ఆవిడ ముందే, ఆ గుంటల్లోనే పెన్సిల్ నడిపించాను. కింద మీ పేరు రాయనా అని అడిగాను. వద్దమ్మా, చదివానని రాయి, చాలన్నారు. రాశాను. సంతకం పెట్టారు. పెట్టాక ఆవిడ ఇంకా ఏదో చెప్పబోతే ష్ గారు ష్ అన్నారు.

ఆవిడ చెయ్యి పట్టుకుని బయటికి తీసుకొచ్చాను. మధ్యాహ్నం దాకా విన్నాను.